పెత్తనం

ఈ వారం మన మాట పెత్తనం. పెద్దతనం అనే మాటే నోళ్లలో నలిగి పెత్తనం అయింది. పత్రికల్లో నియంత్రణ అని రాస్తారు, కానీ ఇంట్లో ఎవరూ అలా అనరు. మా అమ్మ అయితే "పెత్తనం ఒకరిది, చాకిరీ ఒకరిది" అనేది. (మా గుడి కమిటీ పెత్తనం గురించి ఇంకోసారి రాస్తాను!)

రిటైర్ అయ్యే దాకా నేను ఇక్కడ న్యూజెర్సీలో ఒక యూరప్ కంపెనీ శాఖలో అకౌంట్స్ చూశాను. 5,000 డాలర్లు దాటితే ఏ ఖర్చుకైనా హెడ్డాఫీసు సంతకం కావాలి. ఒక ఏడాది జూలైలో గోడౌను పైకప్పు కారడం మొదలైంది. ఫారం పంపాం. ఆగస్టులో అక్కడ అందరూ సెలవుల్లో ఉంటారు. ఈలోపు తడి నేల మీద ఒక కుర్రాడు జారి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ ప్రమాదం గురించి 24 గంటల్లో రిపోర్టు పంపమన్నారు. పంపాం. కప్పుకి డబ్బు అక్టోబర్‌లో వచ్చింది.

లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి సంతకాలు వద్దని అనను. దూరాన ఉన్న శాఖలో డబ్బు ఎలా జారిపోతుందో నాకు తెలుసు. నా బాధ వేరే. ఈ పద్ధతిలో కబుర్లన్నీ పైకే వెళ్తాయి. పక్క శాఖకి చేరవు.

టయోటా సంగతి చూడండి. యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కుపోతే ఎలా బాగుచెయ్యాలో 2009 సెప్టెంబర్ 29న యూరప్‌లో 31 దేశాల పంపిణీదారులకీ, కెనడాకీ కంపెనీ చెప్పింది. అమెరికాలో ఆ లోపానికి దాదాపు 23 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది 2010 జనవరి 21న. దగ్గర దగ్గర నాలుగు నెలలు! ఈ నాలుగు నెలలూ జనం ఆ బండ్లలోనే పిల్లల్ని స్కూలుకి దింపారు. మరి అమెరికా శాఖ ఏం చేస్తోంది? ఫిబ్రవరిలో ఆ శాఖ పెద్ద జిమ్ లెంట్జ్ కాంగ్రెస్ ముందు చెప్పాడు, రీకాల్ నిర్ణయం జపాన్‌లో జరుగుతుందని. ఆలస్యానికి ప్రభుత్వం సుమారు 1.64 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. చట్టం మీరామని ఒప్పుకోకుండానే కంపెనీ కట్టేసింది.

ఆ తర్వాత ఒక్కో ప్రాంతానికి ఒక నాణ్యత అధికారిని పెట్టారు. 2013లో లెంట్జ్‌ని ఉత్తర అమెరికా మొత్తానికి సీఈఓ చేశారు. అత్తగారు తాళాలగుత్తి కోడలి చేతికి ఇచ్చినట్టు అన్నమాట. బీరువా తాళం మాత్రం ఇంకా జపాన్‌లోనే ఉందని నా అనుమానం.