అద్దం కంటే తలుపు ముఖ్యం

కారు తలుపు అద్దం పగిలిందంటే ఎవరైనా మొదట అడిగేది, "కొత్తది ఎంతవుతుంది?" అని. ఆ జవాబు తేలిగ్గానే దొరుకుతుంది, ఒక్క ఫోన్ చేస్తే చాలు. కొల్లేరు పక్కన కాపురం ఉండేవాళ్ళు దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. తలుపు విప్పేది ఎవరు, విప్పినదాన్ని మళ్ళీ ఎలా బిగిస్తారు? మా బావగారి కారు పుణ్యమా అని నాకు ఈ సంగతి తెలిసింది. అప్పట్నుంచి ఏ కారు తలుపు తీసినా నా చూపు ముందు దాని కింది అంచు మీదికే పోతోంది.

హైవే మీద టిప్పర్ల నుంచి ఎగిరే కంకర ముందు అద్దాలకు తగులుతుంది. తలుపు అద్దాలకు మా వైపు వేరే గండం ఉంది, అది చేపల చెరువుల గట్లు. వానలు పడితే గట్టు మీద గడ్డి మోకాళ్ళ దాకా పెరుగుతుంది. ఒకప్పుడు కొడవళ్ళతో కోసేవాళ్ళు. ఇప్పుడు భుజాన తగిలించుకునే గడ్డి మెషీన్లు వచ్చాయి. బండ్లు దిగబడకుండా గట్టు మీద గ్రావెల్ పోస్తారు కదా, ఆ రాళ్ళలో ఒకటి బ్లేడుకి తగిలిందంటే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆకివీడు అవతల బావగారి చెరువు దగ్గర అదే జరిగింది. కారు దూరంగానే ఆపి ఉంది. ఫట్‌మని ఒక్కటే చప్పుడు. ఎడమ వెనక తలుపు అద్దం నిలువునా తెల్లబడిపోయి, ఒక్క క్షణం అలాగే నిలబడి, బావగారు తలుపు పిడి మీద చెయ్యి వెయ్యగానే జలజలా రాలిపోయింది. సగం సీటు మీదికి, సగం తలుపు లోపలికి. రాయి వెతికితే దొరికింది, బొటనవేలి గోరంత కూడా లేదు.

గడ్డి కోసే అబ్బాయి మెషీను ఆపి పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అద్దానిదేముందిరా, అది నీ కంట్లో పడుంటే? రేపట్నుంచి కళ్ళజోడు లేకుండా మెషీను ముట్టుకోకు," అన్నారు బావగారు. నాకు ఆయన మీద గౌరవం మరీ పెరిగిన రోజు అది.

అంత చిన్న రాయికి అంత పెద్ద అద్దం మొత్తం ఎందుకు రాలుతుంది? తలుపు అద్దం మామూలు గాజు కాదు. కావలసిన ఆకారానికి కోసి, అంచులు నున్నగా రుద్ది, బోల్టుల బెజ్జాలు వేశాక, కొలిమిలో 600 డిగ్రీల పైచిలుకు వేడి చేసి, రెండు వైపుల నుంచీ గాలి కొట్టి గబుక్కున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి పొర తర్వాత చల్లారుతూ కుదించుకుపోవాలని చూస్తుంది, పైపొర దాన్ని కుదించుకోనివ్వదు. దాంతో పైన ఒత్తిడి, లోపల లాగుడు జీవితాంతం అలా ఉండిపోతాయి. ఆ ఒత్తిడి వల్లే అది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టి. కానీ ఏ మొనదేలిన రాయో పైపొరను దాటి లోపలికి దిగిందా, ఇక ఏ మూలా ఆగదు, మొత్తం చిన్న చిన్న పలుకులైపోతుంది. పలుకులు కాబట్టే మెడకో చేతికో లోతుగా కోసుకోదు. ముందు అద్దం సంగతి వేరు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక పగిలినా అంటుకునే ఉంటుంది. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి, పగిలి కూడా విడిపోలేదట. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర దాన్ని పట్టుకుని ఉంది. ముందు అద్దాల కథ అక్కడ మొదలైంది.

దీన్నిబట్టి తెలియాల్సింది రెండు. ఒకటి, తలుపు అద్దానికి అతుకులు, రిపేర్లు ఉండవు, మార్చడమే. రెండోది ఇంకా ముఖ్యం. ఒకసారి గట్టిపరిచిన గాజును మళ్ళీ కోయడం, బెజ్జం వేయడం కుదరదు, కత్తి పెడితే రాలిపోతుంది. అందుకని పాత బండ్లకు ఎవరైనా, "అచ్చు తీసి ఇక్కడే కోసి వేసేస్తామండి, సగం ధరకే," అన్నారంటే వాళ్ళు కోసేది కిటికీ గాజు. అది పగిలితే నిలువు కత్తుల్లా విరుగుతుంది. ఎంత చవకగా ఇచ్చినా అది పిల్లలు కూర్చునే తలుపుకి పెట్టే వస్తువు కాదు.

గట్టు మీద ఉండగానే బావగారు ఏదీ ముట్టుకోకుండా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, బీమా వాళ్ళకు ఫోన్ చేశారు. ఈ వరుస తప్పకూడదు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. ఫుల్ బీమా ఉంటే గాజు భాగాలకు తరుగుదల కోయరు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకైతే సగం కోసేస్తారు. 1500 సీసీ లోపు ఇంజిన్ కారుకి తప్పనిసరిగా మన చేతి నుంచి పడేది 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. ఇంతవరకూ వింటే క్లెయిము చేసుకోవడమే మేలనిపిస్తుంది. కానీ క్లెయిము లేని ఏళ్ళకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ ఉందే, దాన్ని కాపాడే యాడ్-ఆన్ తీసుకోకపోతే ఒక్క అద్దంతో అది పోతుంది. బావగారిది 50 శాతం దాకా వచ్చింది. లెక్క వేసుకుని క్లెయిము మానేసి, సొంత డబ్బే పెట్టుకున్నారు. దొంగలు పగలగొట్టినట్లయితే మాత్రం ముందు పోలీసు స్టేషనుకి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

మబ్బు పట్టింది. చేతికి గుడ్డ చుట్టుకుని పెద్ద పలుకులు ఏరేసి, ఖాళీ తలుపు మీద పాలిథిన్ షీటు కప్పి, దాని అంచులు లోపలికి మడిచి తలుపు వేసేశాం. ప్యాకింగ్ టేపుని పెయింటు మీద అంటించొద్దు. ఎండకు దాని జిగురు ఊడిరాదు, ఊడితే పెయింటుతో సహా వస్తుంది. పెయింటర్లు వాడే కాగితం టేపు మేలు. ఆ తలుపుని మళ్ళీ ధనాధన్ వేయకూడదు, స్విచ్ నొక్కి చూడకూడదు. లోపల పలుకులు పడి ఉన్నప్పుడు మోటారు తిప్పితే పళ్ళలో ఇరుక్కుని మెషీను కూడా పోతుంది.

గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం చేరేసరికి వాన అందుకుంది. అక్కడ మాకు దొరికిన మేస్త్రి ధర చెప్పకముందే బండి వివరాలు అడిగాడు. మోడల్, ఏ సంవత్సరం, ఏ వేరియంటు, ఏ తలుపు, పెద్ద అద్దమా పక్కనుండే చిన్న ముక్కా. అదే పేరుతో డిక్కీ ఉన్న కారు ఒకటి, లేని కారు ఒకటి ఉంటే వెనక తలుపు అద్దాలు వేరు. చివరికి ఛాసిస్ నంబరు ఒక్కటే నమ్మకం. తర్వాత పక్క తలుపు అద్దం మూలనున్న ముద్ర చూశాడు. ఆ ముద్రలో చాలా ఉంటుంది. తయారీదారు పేరు (మన దేశంలో ఎక్కువగా ఆసాహి ఇండియా, సెయింట్-గోబైన్ సెక్యూరిట్ కనిపిస్తాయి), ఐఎస్‌ఐ గుర్తు, వాహనాల గాజుకు వర్తించే ఐఎస్ 2553 సంఖ్య, అది గట్టిపరిచినదా పొర వేసినదా అన్న మాట. ముద్ర లేని అద్దం వద్దు. విజయవాడ ఆటోనగర్ నుంచి పాత ఒరిజినల్ అద్దం తెచ్చుకోవచ్చు, తప్పులేదు. అంచులన్నీ వేలితో తడిమి చూసుకుంటే చాలు. గీత పడినా వాడుకోవచ్చు కానీ అంచున పెచ్చు ఊడితే వద్దు, అక్కడినుంచే పగులు మొదలవుతుంది.

ఇక తలుపు. మేస్త్రి పిడి దగ్గర స్క్రూలు తీసి, లోపలి ప్యాడ్‌ని క్లిప్పుల దగ్గర ఒక్కొక్కటిగా పైకి లేపాడు. దాని వెనక తలుపంతా పరుచుకుని ఒక ప్లాస్టిక్ షీటు, చుట్టూ నల్లటి బంక. చాకు పెట్టకుండా, బంకని సాగదీస్తూ మెల్లగా షీటుని ఒలిచాడు. "దీన్ని చింపేసేవాళ్ళే ఎక్కువండి. చింపేసి ప్యాడ్ మూసేస్తే మీకేం కనపడుతుందండి? రెండు వానలు పడ్డాక కాళ్ళ కింద మ్యాటు కంపు కొడుతుంది, అంతే," అన్నాడు.

నాకు అప్పటిదాకా తెలియని విషయం ఇదే. అద్దం మీద పడిన వాననీళ్ళు తలుపు లోపలికి పోవాల్సిందే. పక్కన ఉండే రబ్బరు బీడింగు కొంత తుడుస్తుంది, మిగతాది లోపలికి జారుతుంది. కారు చేసినవాళ్ళు దాన్ని ఆపాలని అనుకోలేదు, బయటికి పంపే దారి పెట్టారు. తలుపు అడుగున రెండో మూడో సన్నని చీలికలు ఉంటాయి, నీళ్ళు వాటిగుండా కిందికి పోతాయి. ప్లాస్టిక్ షీటు ఆ నీటిని కారు లోపలికి రానివ్వదు. మా కొల్లేరూ అంతే కదా. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు, డ్రెయిన్లు నీళ్ళు తెచ్చి పోస్తాయి, సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడితే సరస్సు ఊళ్ళ మీదికి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్ళు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి వచ్చాయి. అలాంటి నీళ్ళలో నడిచిన బండ్ల తలుపుల అడుగున ఒండ్రు పేరుకుని ఉంటుంది. దానికి గాజు పలుకులు తోడైతే చీలికలు పూర్తిగా మూసుకుపోతాయి. నీళ్ళు నిలబడి తలుపు లోపలినుంచి తుప్పు పడుతుంది. పెయింటు ఉబ్బి బయటికి కనపడేసరికి రేకు పోయి ఉంటుంది.

మేస్త్రి వాక్యూమ్ పైపు లోపలికి దూర్చి, అరచేత్తో తలుపు అడుగున కొడుతూ చాలాసేపు లాగాడు. మధ్యలో ఆపి చెవి ఆనించి విన్నాడు. గలగలమంటే మళ్ళీ లాగాడు. సన్నని తీగతో చీలికల్లోని మట్టి తీశాడు. అద్దం జారే రబ్బరు గాడిని మొత్తం బయటికి తీసి దులిపాడు. దాంట్లో ఒక్క పలుకు ఉండిపోయినా కొత్త అద్దం మీద నిలువు గీత పడిపోతుంది. సీటు బెల్టు దూరే బకిల్ లోపల కూడా చూశాడు, అక్కడ చిక్కుకున్న పలుకు బెల్టుని పట్టనివ్వదు, పట్టినా ఊడనివ్వదు. కొత్త అద్దం బెజ్జాలకు పాత ప్లాస్టిక్ వాషర్లు కాకుండా కొత్తవి వేశాడు. ఇనుము గాజుకి నేరుగా తగిలితే ఏదో ఒక ఎండాకాలం మధ్యాహ్నం దానంతటదే పగులుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, అద్దాన్ని పైదాకా ఎక్కించి, గాడిలో సరిగ్గా కూర్చున్నాకే బిగించాడు. చాలా కార్లలో ఒక్క నొక్కుతో పైకి వెళ్ళే అద్దం మధ్యలో చెయ్యి అడ్డొస్తే దానంతటదే దిగిపోతుంది. ఆ తెలివి మళ్ళీ నేర్పాలంటే స్విచ్‌ని పైకి కాసేపు నొక్కి ఉంచాలి. పిల్లలున్న ఇంట్లో ఇది చేయించుకోకుండా బండి తేవద్దు. షీటుకి కొత్త బంక పెట్టి, విరిగిన క్లిప్పుల చోట కొత్తవి వేసి ప్యాడ్ మూశాక, చెంబుతో అద్దం మీద నీళ్ళు పోసి తలుపు కిందికి వంగి చూశాడు. చుక్కలు బయట పడుతున్నాయి. అప్పుడు గానీ డబ్బు అడగలేదు. ముందు అద్దంలాగా ఇక్కడ జిగురు ఆరేదాకా కాచుకోవాల్సిన పని లేదు కనుక బయల్దేరిపోవచ్చన్నాడు.

పక్కనున్న కుర్రాడు నల్ల ఫిల్మ్ వేయమంటారా అన్నాడు. మేస్త్రే వద్దన్నాడు. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు 2012 ఏప్రిల్‌లోనే వచ్చింది. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలన్నది నియమం.

మేస్త్రి చివరికి చెప్పిన మాట మాత్రం నేను అందరికీ చెబుతున్నాను. "మనది కాలవల దేశం అండి. అద్దం దిగే వేగం చూసుకోండి." ఏలూరు కాలువ పక్కనా, ఉండి రోడ్డులోనూ బండి నడిపేవాళ్ళకు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. కారు నీళ్ళలో పడితే బయటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. మొదటి క్షణాల్లో మోటారు ఇంకా పనిచేస్తుంది. బెల్టు తీసి, అద్దం దించి, పిల్లల్ని ముందు బయటికి పంపి, వెనకే మనం రావాలి. గాడిలో పలుకులతో పట్టేసినట్టు కదిలే అద్దం ఆ సమయంలో ప్రాణం తీస్తుంది. దిగకపోతే పగలగొట్టాలి, అదీ మధ్యలో కాదు, కింది మూలన, మొనదేలిన ఉక్కు సుత్తితో. గట్టిపరిచిన అద్దమైతే ఒక్క దెబ్బకి రాలుతుంది. చప్పుడు తగ్గించడానికని కొన్ని కొత్త కార్ల పక్క తలుపులకు కూడా పొర వేసిన అద్దాలు పెడుతున్నారు. అవి సుత్తికి లొంగవు. మీ కారులో ఏ తలుపుకి ఏ అద్దం ఉందో మూలనున్న ముద్ర చదివి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఆ సుత్తిని డిక్కీలో పడేయకండి. బెల్టు పెట్టుకుని కూర్చున్నా చేతికి అందేచోట ఉంచండి.