మురుగునీటి తూముల వద్ద

బెంగుళూరు గట్టుమీద ఊరు. ఇక్కడ కురిసిన వాన, ఇక్కడ వాడి పారబోసిన నీళ్లు మూడు లోయలు పట్టి దిగిపోతాయి. పడమట వృషభావతి లోయ నీరు అర్కావతి ద్వారా కావేరికి చేరుతుంది. హెబ్బాళ లోయ, కోరమంగల-చల్లఘట్ట లోయల నీరు తూర్పుగా పోయి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. 1974లో కావేరి నీరు నగరానికి వచ్చినది మొదలు ఈ లోయలు ఎండాకాలములోను ఎండడము లేదు. ఇంటికి వచ్చిన పది బిందెలలో ఎనిమిది మురుగై బయటికి పోతాయని ఇంజనీర్లు లెక్క కడతారు.

ఈ చల్లఘట్ట లోయ నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా కోలారు చెరువులకు ఎక్కించే పథకము చదువరులకు తెలిసినదే. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అని పథకములోని అంకెలు. 2018 జూనులో లక్ష్మీసాగర చెరువుకు మొదట నీరు వచ్చినది. మరుసటి నెలలోనే నురుగు కనబడగా హైకోర్టు ఆపించినది. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాకా పోయి, 2019లో నీరు మళ్లీ సాగినది. తాగడానికి కాదు, భూమిలోకి ఇంకడానికే ఆ నీరు. కాని జీవనది లేని జిల్లాలో ఇంకిన నీరే బోరుబావిలో వస్తుంది గదా! కోలారు వైపు మనవారి ఇళ్లు ఎన్నో ఉన్నవి. పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా "మీ ఊరి నీళ్లు మంచివేనా?" అని మమ్ములను అడుగుతారు.

మేము కాగితాలు వ్రాసుకొనే గుమాస్తాలము, రసాయన శాస్త్రము తెలియదు. అందుచేత తెలిసిన ఇంజనీరుగారొకరి దయవల్ల నగరములోని ఒక శుద్ధి కేంద్రమునకు పోయి చూచినాము. అక్కడ పాత గేట్లు తీసి క్రొత్తవి వేస్తున్నారు. వాసన సంగతి వ్రాయము. పావుగంటలో ముక్కు దానికదే సర్దుకొన్నది.

మురుగు లోపలికి వచ్చేచోట రెండు కాలువలు. ఒక్కొక్క దానికి అడ్డముగా పోత ఇనుప తలుపు, పైన చక్రము, నడుమ మరలు కోసిన పొడుగాటి కడ్డీ. చక్రము త్రిప్పితే తలుపు లేస్తుంది, దిగుతుంది. అంతా మన చెరువు తూము సంగతే. అయితే మురుగులోనుండి కుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువు లేచి, తడి గోడలమీద సూక్ష్మజీవుల వల్ల గంధకామ్లముగా మారి, సిమెంటును, ఇనుమును కూడా తినివేస్తుంది. కొట్టుకొనివచ్చే ఇసుక అంచులను అరగదీస్తుంది. బయటికి లాగిపెట్టిన పాత తలుపు అంచు ఎలుక కొరికిన అట్టవలె ఉన్నది.

"మూయబోతే మూసుకోదు, తెరవబోతే తెరుచుకోదు సార్. నడిమధ్య నిలిచిపోయింది," అన్నాడు ఫిట్టరు. చిత్తూరు వైపు మనిషి, మా మాట విని తెలుగులోకి దిగినాడు.

తలుపు నిలిచిపోతే ఏమవుతుందని మేము అడిగినాము. లోపలి తొట్లలో మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి కావాలి, కొన్ని గంటల వ్యవధి కావాలి. నీరు మితిమీరి వస్తే ఆ వ్యవధి దొరకదు. అడుగున పేరవలసిన బురద తేరిన నీటితోపాటే బయట పడుతుంది. తొట్టి బాగుచేయాలన్నా నీటిని ఆపలేరు. అన్నిటికంటె చెడ్డది పక్కదారి తలుపు కారడము. శుద్ధి కాని మురుగు చడీచప్పుడు లేకుండా మంచి నీటిలో కలిసిపోతుంది. నూరు కోట్ల కర్మాగారమైనా ఆ సందును పూడ్చలేదని ఇంజనీరుగారే అన్నారు.

మార్చడము కూడా సులువు కాదు. నగరము ఒక గంట నీళ్లు వాడవద్దంటే వింటుందా? ఒక కాలువకు పైపక్క గాడిలో పలకలు దించి, ప్రవాహమునంతా రెండవ దానికి మళ్లించి, కారిన నీటిని పంపుతో తోడుతూ, మురుగు తగ్గే అర్ధరాత్రి పని చేస్తారు. ముందు లోపల విషవాయువు ఉన్నదేమో యంత్రముతో చూచి, గాలి కొట్టి, అప్పుడే మనిషిని దించుతారు. ఆ మాట విన్న తరువాత మా మనస్సు కుదుటపడినది.

కొంచెము అవతల కాలువ సన్నబడి మళ్లీ వెడల్పయ్యే చోటు ఉన్నది. అక్కడ నీటి లోతునుబట్టి ఎంత నీరు పోతున్నదో తెలుస్తుంది. పార్షల్ అనే అమెరికా ఇంజనీరు పొలాల కాలువలకోసము కనిపెట్టిన ఉపాయమట అది! ఇప్పుడు పైనుండి ధ్వనితరంగము పంపి లోతు కొలుస్తారు.

మొదటి కాలువకు క్రొత్త తలుపు అప్పటికే ఎక్కినది. తుప్పుపట్టని ఉక్కు, అంచులకు రబ్బరు, పైన మోటారు. కరెంటు లేనప్పటికి చేతిచక్రము కూడా ఉన్నది. "నెలకొక్కసారైనా తిప్పాల సార్. తిప్పకపోతే ఇదీ బిగుసుకుంటుంది," అన్నాడు ఫిట్టరు.

మన పల్లెలలో ఈ పనికి నీరుగంటి ఉండేవాడు. కోతలనాడు కళ్లములో అతని పాలు గింజలు అతనికి ముట్టేవి. తూము కారితే ఊరంతా అతనినే అడిగేది. ఇక్కడ ఎవరిని అడగాలన్నాము. గుత్తకు వచ్చిన మనుషులు మారుతూ ఉంటారని ఇంజనీరుగారు చెప్పినారు.

ఫిట్టరు చక్రము పట్టి, చుట్లు లెక్కపెడుతూ తలుపును అడుగుకంటా దించినాడు. గోడమీద సుద్దతో 64 అని వ్రాసినాడు. అన్ని చుట్లకు పూర్తిగా మూసుకొంటుందని గుర్తు. తన తరువాత వచ్చేవాడికోసమట. సుద్ద చెరిగిపోతుంది గదా అన్నాము. రంగు డబ్బా కావాలని ఆఫీసులో అడిగినాడట, ఇంకా రాలేదు.