వచ్చే నీరు, పోయే నీరు

కోనసీమ రైతు జూన్‌లో రెండు కబుర్ల కోసం చూస్తాడు. ధవళేశ్వరంలో కాలువలకి నీరు వదిలారా అన్నది ఒకటి. ఊరి మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించారా అన్నది రెండోది. మొదటి కబురు పేపర్లో ఫొటోతో సహా వస్తుంది. రెండోది గట్టు మీదికెళ్లి చూసుకోవాల్సిందే.

ధవళేశ్వరం దిగువన గోదావరి తూర్పున గౌతమిగా, పడమట వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి విడివడిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పాయలకీ బంగాళాఖాతానికీ నడుమనున్న గడ్డే కోనసీమ. సినిమాల్లో చూసి వచ్చేవాళ్లకి ఇక్కడ కొబ్బరితోటలూ, కాలువగట్లూ, ఆత్రేయపురం పూతరేకులూ కనిపిస్తాయి. ఇక్కడ పుట్టినవాడు మాత్రం పొలం కొనేముందు అది మెరకా, పల్లమా అని అడుగుతాడు.

నీరు వచ్చిన కథ అందరూ చెప్పుకునేదే. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ఈ ప్రాంతాన్ని కుదేలు చేశాయి. నది నిండా నీరున్నా పొలానికి ఎక్కించే దారి లేదు. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి ముగించాడు. ఏటి మధ్యనున్న లంకల్ని ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టించాడు. పక్కనుండి పని నడిపించిన వీణం వీరన్న పేరు విగ్రహాల మీద అంతగా కనపడదు గానీ, ఆయన లేకుండా ఈ కథ పూర్తికాదు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకి, అంటే కోనసీమకి, మళ్లిన నీరు లొల్ల లాకుల దగ్గర పంపకాలు పడుతుంది.

పి. గన్నవరం దగ్గరి అక్విడక్టు మాత్రం ఆగి చూడాలి. వైనతేయ అవతల రాజోలు వైపు ఊళ్లకి కాలువ నీరు అందాలంటే నదిని దాటించాలి. 1850ల్లో 49 ఖానాలతో వంతెనలాంటి కట్టడం లేపి, దాని మీదుగా కాలువనే నడిపించారు. కింద ఏరు, పైన కాలువ. దాని పక్కన తరవాత కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. రేవు దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళ కూడా వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. నీటిపారుదల కట్టడానికి మంత్రుల పేరు కాకుండా అన్నం పెట్టిన మనిషి పేరు ఉండటం నాకు భలే నచ్చుతుంది.

ఇక పోయే నీరు. ఎగువ పొలం వాడుకున్న నీరు, ఆపైన కురిసిన వాన అన్నీ దిగువకే దిగుతాయి. సముద్రం పోటు మీదున్నంతసేపూ మొగ దగ్గర మురుగు నిలబడిపోతుంది. పాటు వచ్చాకే కదులుతుంది. మొగలో ఇసుక మేటవేసినా, కాలువలో పూడిక పేరుకున్నా ఆ కాస్త వ్యవధీ చాలదు. సార్వా ఊడ్పులు అయిన వారానికే వాన పట్టుకుంటే నాట్లు నీళ్లలో కుళ్లుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే కోతకొచ్చిన చేను పడుకుంటుంది. 2011లో ఇక్కడి రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర ఎంత కారణమో, ఈ మురుగు బాధా అంత కారణం. పచ్చటి కోనసీమలో పొలాలు బీడు పెట్టడమేమిటని దేశమంతా వింతగా చూసింది. పల్లపు చేలున్నవాళ్లకి అందులో వింతేమీ కనపడలేదు.

వెళ్లాల్సిన నీరు వెళ్లకపోతే రాకూడని నీరు వస్తుంది. మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు సమయంలో ఉప్పునీరు ఊళ్లలోకి ఎగదన్నుతోంది. కేశనపల్లి చుట్టుపక్కల దాని ఫలితం కళ్లారా చూడవచ్చు. ముందు కాయ సైజు తగ్గుతుంది. తరవాత మట్టలు వేలాడతాయి. చివరికి మొవ్వు రాలిపోయి, తలల్లేని మానులు వరసగా నిలబడి ఉంటాయి. వరి పోతే మళ్లీ ఏడు ఊడ్చుకోవచ్చు. కొబ్బరిచెట్టు పోతే కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాలి, అదీ ఆ నేల ఉప్పు విడిచిపెడితే.

కౌశిక సంగతి మరీ విచిత్రం. పురాణం లెక్కలో అది సప్తగోదావరుల్లో ఒక పాయ. ఇరిగేషన్ వాళ్ల రికార్డుల్లో ఎగువ కౌశిక ఒక డ్రెయిన్. ఏడాదికి ఒక్కసారి, కనుమనాడు, అది మళ్లీ నది అవుతుంది. జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు కలిసే ప్రభల తీర్థానికి గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఈ కౌశికలోంచే రావాలి. వెదురుబొంగులతో కట్టి, రంగుల నూలుదారాలు చుట్టిన ఎత్తైన ప్రభని మోసుకుంటూ కుర్రాళ్లు నీళ్లలోకి దిగుతారు. కాళ్ల కింద బురద, భుజం మీద బరువు, గట్ల నిండా జనం. ప్రభ ఒక పక్కకి ఒరిగితే అరుపులు ఆగిపోతాయి. నిలదొక్కుకోగానే శరభ శరభ అంటూ హోరెత్తిపోతుంది. చుట్టుతిరిగి రోడ్డు మీద తీసుకురావచ్చు కదా అని అడిగితే అడిగినవాడి వంక జాలిగా చూస్తారు.

మనుషులకైతే రేవులు తగ్గి వంతెనలొచ్చాయి. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద లోక్‌సభ మాజీ స్పీకరు బాలయోగి పేరిట 2002లో వంతెన తెరిచాక యానాం, కాకినాడ దగ్గరయ్యాయి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వసిష్ఠ మీద మాత్రం ఆ తరవాత కూడా పంటే తిరిగింది. బైకులూ, కార్లూ, పెళ్లిబృందాలూ ఒకే బల్లకట్టు మీద. లంకల్లో పడవే దిక్కు, వరదొస్తే మరీను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోటెత్తి గట్లు తెగిన వరదని పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ వరదకైనా కొలబద్దగా వాడతారు.

ఆ వరద తరవాత ఏటిగట్లు ఎత్తు పెంచారు. గట్టు పెరిగితే ఏటినీరు లోపలికి రాదు. లోపలి వాననీరు బయటికీ పోదు, స్లూయిజు తలుపు సరిగా తెరుచుకోకపోతే. ఆ తలుపులకి గ్రీజు పెట్టడం, డ్రెయిన్లలో పూడిక తీయడం అన్నీ వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది వారాల్లోనే అయిపోవాలి. టెండర్లు ఆలస్యమైతే పని జూన్‌కి జరుగుతుంది. అప్పటికి నైరుతి వచ్చేస్తుంది, తీసి గట్టున పోసిన మట్టి మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది.