చెప్పని మాట

సికిందరాబాదునకు ఉత్తరమున శామీరుపేటలో నల్సారు న్యాయవిశ్వవిద్యాలయ మున్నది. 1998లో వెలసిన ఆ సంస్థలో చేరగోరు విద్యార్థులు క్లాటు అను పరీక్ష వ్రాయవలెను. ఇది 2008లో ఆరంభమైనది. ఇప్పుడు రెండుగంటలలో 120 ప్రశ్నలు. అందు ఇంచుమించు అయిదవవంతు తర్కమునకు సంబంధించినవి. వీనికై నాయొద్దకు వచ్చు పిల్లల మొదటి ప్రశ్న, "సార్, దీనికి సూత్రములున్నవా?" అనునదే. పదవతరగతివరకు కంఠస్థముతో నెగ్గుకొని వచ్చినవారికి ఈ భయము సహజము.

చెప్పని మాటను వెదకుడని వారితో ననుచుందును. ప్రతివాదమున నొక నిర్ణయమును, దానికొక హేతువును ఉండును. ఈ రెంటిని కలుపు మాటను వాది పైకి పలుకడు. "మా వీథిలో గ్రంథాలయము తెరచిన యేడు పిల్లల మార్కులు పెరిగినవి, కావున గ్రంథాలయమే కారణము" అన్నాడనుకొందము. దీనిని బలహీనపరచున దేది? "గ్రంథాలయమునకు వ్యయ మధికము" అను సమాధానమును గీచువారే పెక్కురు. అది నిజమే కావచ్చును గాని వాదమును తాకదు. "ఆ యేడే బడికి ముగ్గురు క్రొత్త ఉపాధ్యాయులు వచ్చిరి" అనునది తాకును. వేరు కారణము లేదనుటయే వాది చెప్పని మాట. ఏదైన నొక వాక్యము వాదమునకు ఆధారమా కాదా యని సందేహము కలిగినచో, దానిని తలక్రిందు చేసి చూడుడు. వాదము కూలినచో అదియే ఆధారము.

ఇది క్రొత్తవిద్య కాదు. పదునేడవ శతాబ్దమునాటి మన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనినే బోధించెను. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. కాగిన యినుపముద్దలో నిప్పేకాని పొగ యేది? పొగకు తడికట్టె కావలెను. ఆ తడికట్టెను మన తార్కికులు ఉపాధి యనిరి. పైయుదాహరణమున ఆ ముగ్గు రుపాధ్యాయులే తడికట్టె.

తప్పునకు పావుమార్కు తగ్గింతురని పిల్లలు వణకుదురు. లెక్కవేసి చూడుడు: నాలుగింటిలో నొకటి గ్రుడ్డిగా గీచినను సగటున మార్కులో పదునారవవంతు లాభమే, తప్పైనదాని నొకదానిని తొలగించి గీచినచో ఆరవవంతు.

అసలు కష్టము భాషలో నున్నది. ఒకప్పు డీశాస్త్రము సంస్కృతపు గోడవెనుక కొద్దిమందికే దక్కెను. నేడు ఆంగ్లపు గోడవెనుక నున్నది, క్లాటు ఆంగ్లముననే జరుగును గనుక. వాదమును చక్కగా గ్రహించిన తెలుగుబడి పిల్లవాడు "ఓన్లీ ఇఫ్" అనుచోట తడబడును. "వాన వస్తే తడుస్తుంది", "వాన వస్తేనే తడుస్తుంది" - ఈ రెంటి భేదము వానికి ఉగ్గుపాలతో తెలిసినదే. ఒక్క ఏకారమున మనభాష పట్టియిచ్చిన దానిని ముందు చూపి, ఆంగ్లమునకు తరువాత పోవుట మేలు.

నిరుడు నాయొద్ద చదివిన యొక బాలికకు న్యాయవిద్య వలదని తండ్రి పట్టుపట్టెను. తమ యింట ఆడుపిల్ల యెవ్వతెయు ఆ చదువు చదువలేదట. "నాన్నా, ఇంతకుముందు మనయింట లేనిది చేయరాదని కదా నీ వాదము? మనవంశమున రైలు ఉద్యోగమునకు మొదట పోయినది నీవే గదా!" అని యాపిల్ల అడిగినదట. ఆయన చాలసేపు మాటలాడక, "పరీక్షకు రుసు మెంత?" అనెనట. నాలుగువేల రూపాయలని చెప్పగా మరల మౌనము వహించెనట.