నేరేడు రంగు దారి

గాండ్లపెంట ఉన్న జిల్లాకు శ్రీసత్యసాయి పేరు 2022లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే బెంగళూరు మెట్రోలో ఓ స్టేషన్‌కూ అదే పేరు పెట్టారు... శ్రీసత్యసాయి ఆసుపత్రి!

గుండె జబ్బు అంటే పుట్టపర్తి ఆసుపత్రి ఉండనే ఉంది. మెదడుకో వెన్నెముకకో ఆపరేషన్ అంటే మాత్రం వైట్‌ఫీల్డ్‌కు బయల్దేరాల్సిందే. 2001లో మొదలైన ఆ పెద్దాసుపత్రిలో వైద్యానికి పైసా తీసుకోరు. ఖర్చల్లా దారిదే. అవస్థా దారిదే.

కదిరిలో బస్సెక్కితే గోరంట్ల, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి మెజస్టిక్‌లో దిగుతారు. అసలు పరీక్ష అక్కడే మొదలయ్యేది. వైట్‌ఫీల్డ్ సిటీబస్సు పట్టుకుని, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక అంతే. సీట్లో ఒరిగిపోయిన రోగి, పక్కన రిపోర్టుల సంచీ పట్టుకున్న భార్య, గడియారం చూసుకునే కొడుకు!

ఆ నగరంలో మెట్రో 2011 అక్టోబరు 20న ఎంజీ రోడ్డు నుంచి బైయప్పనహళ్లి దాకా మొదలైంది. వైట్‌ఫీల్డ్ చేరడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. అందులోనూ ఓ చిత్రం జరిగింది. కృష్ణరాజపురం-వైట్‌ఫీల్డ్ ముక్కను 2023 మార్చిలో ప్రారంభించారు. బైయప్పనహళ్లి నుంచి కృష్ణరాజపురం దాకా ఉన్న రెండు కిలోమీటర్లు మాత్రం మిగిలిపోయింది. అక్కడ మెట్రో దిగి, బస్సెక్కి, మళ్లీ మెట్రో ఎక్కాలి. ఆరోగ్యవంతులకైతే అది చిరాకు. నడవలేనివాళ్లకు? ఆ ఖాళీ అక్టోబరు 9న పూడింది.

ఇప్పుడు మెజస్టిక్‌లో నేల కిందికి దిగితే చాలు. ఆకుపచ్చ, ఊదా లైన్లు ఒకదాని కింద ఒకటి కలిసేది అక్కడే. ఊదాను కన్నడంలో 'నేరళె' అంటారు... మన నేరేడే. చదువురాని అవ్వకైనా ఆ రంగు చూపిస్తే గుర్తుపడుతుంది. చదువుకున్నవాళ్లకు కన్నడ బోర్డులు ఎలాగూ సగం తెలుగే.

తర్వాతి స్టేషన్ సర్ ఎం.విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, గిద్దలూరు దగ్గరి ఊరు. విధానసౌధ, కబ్బన్ పార్కు కూడా నేల కిందే. ఎంజీ రోడ్డు దగ్గర రైలు వంతెన మీదికొచ్చేసరికి ఒక్కసారిగా వెలుతురు. ఒకప్పుడు గంటలు తినేసిన టిన్ ఫ్యాక్టరీ రద్దీ ఇప్పుడు కిటికీలోంచి కింద కనిపిస్తుంది. ఆ తర్వాత కుందలహళ్లి, నల్లూరహళ్లి, ఆసుపత్రి.

చార్జీ మాత్రం బరువే. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్‌ను 60 నుంచి 90 రూపాయలకు పెంచారు. ఉచిత వైద్యానికి వెళ్లే కుటుంబంలో ముగ్గురుంటే, రానూపోనూ లెక్క వేసుకోకుండా టికెట్ తీయరు.

ఇంకో వింత ఉంది. కదిరి బస్సు మెజస్టిక్ చేరేముందే హెబ్బాళ మీదుగా వస్తుంది. ఆసుపత్రి ఉన్నది తూర్పున. అక్కడ దిగితే మెట్రో లేదు. అందుకే నగరం నడిబొడ్డుకు పోయి, మళ్లీ తూర్పుకు రావాలి. కేంద్రం 2021లో ఆమోదించిన 58 కిలోమీటర్ల నీలం లైను సిల్క్‌బోర్డు నుంచి కృష్ణరాజపురం, హెబ్బాళ మీదుగా విమానాశ్రయానికి వెళ్లాలి. 2025 ముగిసేసరికి కూడా దాని మీద ప్రయాణికుల రైలు తిరగలేదు. తిరిగిననాడు గాండ్లపెంటవాళ్లు హెబ్బాళలోనే దిగి, కృష్ణరాజపురంలో నేరేడు రంగు బండికి మారొచ్చు. మెజస్టిక్ మెట్లెక్కే పని ఉండదు.