రాత్రి సంగతి ఎవరూ అడగలేదు

పిడుగురాళ్ల దాటి గురజాల వైపు పోతుంటే సున్నపు బట్టీల దుమ్ము రోడ్డుపక్క చెట్లకు కూడా సున్నం కొట్టినట్టుంటుంది. ఆ దారిలో ఒక ఊళ్లో ఆశా కార్యకర్త వెంట ఇళ్లు తిరిగాను. గ్రహణమొర్రితో, అంగిలి చీలికతో పుట్టిన పిల్లలు ఎలా తింటున్నారో అందరూ అడుగుతారు. ఎలా నిద్రపోతున్నారో అడుగుదామని నేను వెళ్లాను.

మొదటి ఇంట్లో బాబుకు ఇంకా నెలలే. పెదవీ, అంగిలీ రెండూ చీలి ఉన్నాయి. నాయనమ్మ ఉగ్గుగిన్నెతో పాలు పడుతోంది. తల ఎత్తి పట్టుకుని, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా వంచుతూ, బిడ్డ మింగాక ఆగి, మళ్లీ వంచుతోంది. అంగిలి చీలిన పిల్లల్లో చాలామందికి నోట్లో పీల్చే ఒత్తిడి కుదరదు, రొమ్ము పట్టలేరు. అందుకని ఆమె పాత పద్ధతికి వెళ్లింది. చూస్తుంటే ముచ్చటేసింది.

“గ్రహణంనాడు మా కోడలు కత్తిపీట ముట్టుకుంది బాబూ” అంది మాటల మధ్యలో. కోడలు తల దించుకుంది. ఈ గ్రహణం నమ్మకం లేని దేశాల్లోనూ సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతూనే ఉంది. గర్భం దాల్చిన తొలి రెండు మూడు నెలల్లో ముఖం భాగాలు ఒకదానితో ఒకటి అతుక్కోవాలి, అది కుదరకపోతే చీలిక. వంశపారంపర్యం, పోషకాహార లోపం, కొన్ని మందులు, పొగ వంటివి ప్రమాదం పెంచవచ్చు. చాలామందిలో ఇదీ కారణమని ఒక్కటి చూపలేం. కత్తిపీట మాత్రం కాదు. ఈ నింద మోస్తున్న తల్లులు పల్నాడులో ఇంకా ఎందరో!

రాత్రిళ్లు ఎలా పడుకుంటాడని అడిగాను. “గురకపెట్టి నిద్రపోతాడయ్యా, అచ్చం తాత పోలికే” అని పెద్దావిడ నవ్వింది. అప్పుడు తల్లి నోరు విప్పింది. “మధ్యలో గురక ఆగిపోద్దండి. నేను లేచి కూర్చుంటా. కాసేపటికి ఎగపీల్చి మళ్లా మొదలెడతాడు. చెమట్లు పడతయ్యి.”

ఆశా కార్యకర్త నోట్‌బుక్ మూసి ఆమె వైపు చూసింది. “ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేంది?”

“నువ్వు అడగలేదుగా అక్కా.”

తప్పు ఆశాది కాదు. ఆసుపత్రిలో కాన్పయితే 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆమె 6 సార్లు ఇంటికి రావాలి. బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది. కానీ ఆమె వచ్చేది పగలు, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు.

బాబును పడుకోబెట్టే చీర ఉయ్యాల చూశాను. అందులో పసిపిల్లల వీపు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. మామూలు పిల్లలకే ఆ భంగిమలో గాలిదారి ఇరుకవుతుంది. వీళ్లకు అసలే ముక్కు వంకర, అంగిలి కండరాలు ఉండాల్సిన చోట లేవు. కొందరికి కింది దవడ కూడా చిన్నదిగా ఉండి నాలుక వెనక్కి జారుతుంది. 1923లో ఫ్రెంచి వైద్యుడు పియరీ రాబిన్ వర్ణించిన స్థితి అదే, ఆయన పేరుతోనే పిలుస్తారు. అలాంటి పిల్లలు వెల్లకిలా పడుకుంటే నాలుకే గొంతుకు మూతవుతుంది. అలాగని ఎవరికి వారు బోర్లా పడుకోబెట్టేయకూడదు, అది వేరే ప్రమాదం. వెల్లకిలానా, పక్కకా అన్నదాని మీద బ్రిటన్‌లోని చీలిక చికిత్స కేంద్రాలే తలా ఒక మాట చెబుతూ వచ్చాయి. దాన్ని తేల్చడానికే అక్కడ స్లంబర్స్ అనే అధ్యయనం పెట్టుకున్నారు. ఏ బిడ్డకు ఏది మంచిదో చూసిన డాక్టరే చెప్పాలి.

నరసరావుపేటలో ఒక పిల్లల డాక్టరు దీన్ని లెక్కలా విప్పి చెప్పారు. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడే బిడ్డ తాగిన పాలన్నీ ఆ పనికే ఖర్చుచేస్తాడు. బరువు పెరగడు. పెదవి ఆపరేషన్‌కు సర్జన్లు చూసే పాత కొలత 10 వారాల వయసు, 10 పౌన్ల బరువు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, 10 గ్రాముల హిమోగ్లోబిన్. బరువు లేక ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇంట్లోవాళ్లు పాలు చాలడం లేదనుకుంటారు. ఊపిరి సంగతి ఎవరికీ తట్టదు.

రెండో ఇంటి పిల్ల అంగన్‌వాడీకి వెళ్తోంది. పెదవి, అంగిలి రెండూ కుట్టించారు, డబ్బు పెట్టే పని లేకుండానే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, ఈ ఆపరేషన్లకు వర్తిస్తుంది. స్మైల్ ట్రైన్ సంస్థ 2000 నుంచి దేశంలో ఉచితంగా చేయిస్తోంది. ముఖం చక్కగా కుదిరింది. తండ్రి పాత ఫొటో చూపించి మురిసిపోయాడు. పిల్ల మాత్రం మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి పడుకుంటుందట, పగలు చిరాకు. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకేముందని వాళ్ల ధీమా.

ఉండేది ఇక్కడే. అంగిలి మూసినప్పుడు చీలిక వల్ల గాలికి ఉన్న వెడల్పు దారీ పోతుంది. ఆపరేషన్ తర్వాతి తొలి రాత్రుల్లో వాపు తోడవుతుంది. పెరిగేకొద్దీ కుట్ల మచ్చ పైదవడ ఎదుగుదలను అడ్డుకోవచ్చు. మాట ముక్కుతో వస్తోందని గొంతు వెనుక చేసే మరో ఆపరేషన్ గాలిదారిని ఇంకా తగ్గించగలదు. అడినాయిడ్ గడ్డలు తీయిద్దామంటే, చీలిక ఉన్న పిల్లల్లో అవి మొత్తం తీసేస్తే మాట పాడయ్యే ప్రమాదం. ఒకటి సరిచేయబోతే ఇంకొకటి చెడుతుంది. అందుకే సర్జన్ ఒక్కరు చాలరు. చెవి ముక్కు గొంతు డాక్టరు, పిల్లల డాక్టరు, మాట నేర్పేవారు కలిసి చూడాలి.

రాత్రంతా పడుకోబెట్టి చేసే నిద్ర పరీక్ష పసిపిల్లలకు చేసే చోట్లు చాలా తక్కువ. కానీ వేలికి తగిలించే ఆక్సిమీటరు కోవిడ్ పుణ్యమా అని ఊరూరా చేరింది. దానితో జబ్బు తేలిపోదు; పిల్లల వేలికి సరిపోయేదైతే ఎవరిని ముందు పరీక్షకు పంపాలో కొంత తెలుస్తుంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాల్లో గ్రహణమొర్రిని చేర్చింది. ఆ కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వెళ్లినప్పుడు నిద్ర గురించి ఒక్క ప్రశ్న వేస్తే ఖర్చేమీ కాదు.

ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి ముఖం, ఛాతీ రెండూ కనపడేలా ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాలు వీడియో తీయండి. గురక ఆగి ఎగపీల్చడం, డొక్కలు లోపలికి పోవడం డాక్టరుకు అందులో కనిపిస్తాయి. పెదవులు నీలంగా మారితే వీడియో మానేసి 108కి ఫోన్ చేయండి.