నాయనమ్మ చేతి చుక్కలు

పెరుగు తోడు పెడుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, సెలవులకి నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక కొండ మీదకి వెళ్దాం. అక్కడ నేను పచ్చబొట్టు పొడిపించుకోవాలి" అంది.

అది ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతోంది. మన రెండు రాష్ట్రాల నుంచి అక్కడికి చదువుకి వెళ్ళే పిల్లలు చాలామందే ఉన్నారు కదా, అందులో మాదీ ఒకతి. సూది పోట్ల గురించి, ఇన్‌ఫెక్షన్ల గురించి నాకు పాఠాలు చెప్పే పిల్ల, ముల్లుతో పొడిపించుకుంటానంటే నాకు మండింది. "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్తావే?" అని అరిచాను. అరిచాక నా మాట నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తర్వాత చెప్తాను.

చివరికి ఒప్పందం కుదిరింది. "నువ్వు నాతో వచ్చి చూడు. చూశాక కూడా వద్దంటే మానేస్తా" అంది. మా వారు "కొండలెక్కడం నీ వల్ల అవుతుందా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నా ప్రయాణం ఖాయమైపోయింది.

ఆ ఊరి పేరు బుస్కలాన్. లుజోన్ దీవికి ఉత్తరాన కార్డిలెరా పర్వతాల్లో, కళింగ అనే రాష్ట్రంలో ఉంది. కళింగ అనగానే నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని కాబట్టి ఖారవేలుడి దాకా వెళ్ళిపోయాను. పేరొకటే గానీ మన కళింగానికీ దానికీ ఏ సంబంధమూ లేదట. మనీలాలో రాత్రి బస్సెక్కితే తెల్లారాక బొంతోక్ అనే ఊళ్ళో దించాడు. అక్కణ్ణుంచి జీప్నీ. అంటే మన షేర్ ఆటోకి అన్నయ్య అనుకోండి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, లోయలో చికో నది. నేను కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టాను. మా అమ్మాయి మాత్రం ఆ నది కథ చెప్తూ కూర్చుంది.

1970లలో ఆ నది మీద ప్రభుత్వం పెద్ద ఆనకట్టలు కట్టాలనుకుందట. ఊళ్ళు, పొలాలు, పెద్దల సమాధులు మునిగిపోతాయని కొండజాతుల వాళ్ళు ఎదురు తిరిగారు. వాళ్ళ నాయకుల్లో ఒకరు మక్లిఇంగ్ దులాగ్. బుస్కలాన్‌కి దగ్గర్లోనే ఉన్న బుగ్నాయ్ ఊరివాడు. 1980 ఏప్రిల్ 24న సైనికులు ఆయన్ని ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ తర్వాత పోరాటం ఇంకా పెరిగి, ఆ ఆనకట్టల పని ఆగిపోయింది. ఆ మాట విన్నాక కళ్ళు తెరిచి నదిని సరిగ్గా చూశాను.

జీపు దిగాక నడక. ఆ ఊరి గైడు లేకుండా పైకి వెళ్ళనివ్వరు. పేరు, ఊరు పుస్తకంలో రాయించి, రుసుము కట్టాక ఒక అమ్మాయిని మాతో పంపారు. ఇరవై ఏళ్ళుంటాయేమో, చెప్పులతోనే చకచకా నడుస్తోంది. నేను బూట్లు కొనుక్కుని మరీ వెళ్ళి, మెట్టుకోసారి ఆగాను. మధ్యలో వాగు, జలపాతం, కొండ చుట్టూ మెట్లు మెట్లుగా వరి మళ్ళు. కుర్రవాళ్ళకి అరగంట నడకట. నాకు గంట దాటింది. ఒకచోట కూర్చుండిపోయి సంచిలోంచి పులిహోర డబ్బా తీశాను. గైడు పిల్లకీ పెట్టాను. తిని, పుల్లగా బాగుందన్నట్టు తలూపింది. మనవాళ్ళకి ఎక్కడికెళ్ళినా చింతపండే దౌత్యం.

ఊరు చిన్నది. రేకుల కప్పుల ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. సందుల్లో కోళ్ళు, పందులు, ఎండబోసిన కాఫీ గింజలు. మేం దిగిన ఇంట్లో సీమవంకాయ కూర, అన్నం పెట్టారు. ఇంత దూరమొచ్చి సీమవంకాయ తినాలా అనుకున్నాను కానీ, నడిచిన ఆకలికి అమృతంలా ఉంది.

ఈ ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి జనం రావడానికి కారణం వాంగ్ ఓద్ అనే పెద్దావిడ. అందరూ 'అపో వాంగ్ ఓద్' అంటారు. అపో అంటే మన 'అవ్వ' లాంటి గౌరవపు పిలుపు. ఆవిడ 1917లో పుట్టిందని చెబుతారు. 2023లో నూట ఆరేళ్ళ వయసులో వోగ్ ఫిలిప్పీన్స్ పత్రిక ముఖచిత్రం మీద ఆవిడ బొమ్మ వేశారు. చిన్నప్పుడే తండ్రి దగ్గర ఈ విద్య నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఈ విద్య సొంత రక్తసంబంధీకులకే నేర్పాలనేది వాళ్ళ నమ్మకం, లేకపోతే పొడిచినచోట చీము పడుతుందట. అందుకని తోబుట్టువుల మనవరాళ్ళు గ్రేస్ పలికాస్, ఎల్యాంగ్ విగన్‌లకి నేర్పింది. ఇప్పుడు ఊళ్ళో ఇంకా చాలామంది కుర్రకారు పొడుస్తున్నారు. పెద్దావిడ మాత్రం వచ్చినవాళ్ళకి మూడు చుక్కలు పొడుస్తుంది. అది ఆవిడ సంతకం.

పనిముట్లు చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఒక పంపరపనస ముల్లు, దాన్ని గుచ్చిన సన్నటి వెదురు పుల్ల, దాన్ని కొట్టడానికి ఇంకో కర్ర, మసి కలిపిన నీళ్ళు. అంతే! ముల్లుని చర్మం మీద ఆనించి వెదురు పుల్ల మీద కర్రతో టక టక కొడుతూనే ఉంటారు. ఆ చప్పుడు వల్లే దానికి వాళ్ళ భాషలో 'ఫతెక్' అనీ, 'బాతోక్' అనీ పేరొచ్చిందంటారు. ఒకప్పుడు మగవాళ్ళకి ఇది ఊరికే పొడిచేవాళ్ళు కాదు. శత్రువుని చంపి తల తెచ్చిన వీరుడికే ఆ హక్కు. ఆడవాళ్ళకైతే అందం, ఈడొచ్చిందని గుర్తు. జెర్రి, కొండచిలువ పొలుసులు, ఫెర్న్ ఆకు, ఇలా ప్రతి గీతకీ ఒక అర్థం.

మా అమ్మాయి డాక్టరమ్మలాగా "ముల్లు కొత్తదేనా? ఒకరికి వాడింది ఇంకొకరికి వాడరు కదా?" అని పదిసార్లు అడిగింది. ముల్లు తనే ఎంచుకుంది. నేను గోడకి ఆనుకుని, వద్దని ఎప్పుడు చెబుదామా అని చూస్తున్నాను.

అప్పుడే పక్కింటి అరుగు మీద ఒక ముసలమ్మ కనిపించింది. చేటలో బియ్యం చెరుగుతోంది. మణికట్ల నుంచి భుజాల దాకా రెండు చేతులూ పచ్చబొట్లే. చేతులు కదులుతుంటే ఆ గీతలూ కదులుతున్నాయి. నేను చూస్తున్నానని గమనించి, చేట పక్కన పెట్టి, చెయ్యి నా ముందుకు చాపింది. చూడమన్నట్టు. ముట్టుకున్నాను. వదులైన చర్మం, మెత్తగా, చల్లగా.

మా నాయనమ్మ చెయ్యీ అలాగే ఉండేది.

ఇప్పుడు చెప్తాను, నా మాట నాకు ఎక్కడ గుచ్చుకుందో. నాయనమ్మ కుడి ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. ఎరుకల ఆవిడ సూదులు కట్టగట్టి పొడిచిందని, ఆముదం దీపం మసి, ఆకు పసరు కలిపి పూసిందని చెప్పేది. "నగలు కాటిదాకా కూడా రావు. వెంట వచ్చేది ఇదొక్కటే" అనేది. చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి లెక్కలు నేర్చుకున్నదాన్ని నేను.

2002లో నాకు పెళ్ళిచూపులు. వచ్చేది హైదరాబాదు సంబంధం. పొద్దున్నే నాయనమ్మ దగ్గరికి వెళ్ళి "వాళ్ళొచ్చినప్పుడు నీ చెయ్యి బయటపెట్టకు నాయనమ్మా, మొరటుగా ఉంటుంది" అన్నాను. ఎవరూ అనమంటే అన్న మాట కాదు. నేనే అన్నాను. డిగ్రీలో జానపద సాహిత్యం పేపరుకి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని!

ఆవిడ ఏమీ అనలేదు. పైట కొంగు చేతి మీదకి లాక్కుంది. ఆ తర్వాత మా అత్తగారి తరఫువాళ్ళు ఎప్పుడొచ్చినా అంతే. పెళ్ళికి మోచేతులు దాటిన జాకెట్టు కుట్టించుకుంది. 2009లో పోయేదాకా నా ముందు ఆ కొంగు తీయలేదు. నేను తీయమనీ అనలేదు.

గైడు పిల్ల నా పక్కన కూర్చుని చెప్పింది. ఈ పెద్దవాళ్ళు చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో మిషనరీ బడులకి వెళ్ళే ఆడపిల్లల చేత పొడుగు చేతుల చొక్కాలు తొడిగించేవాళ్ళట, పచ్చబొట్లు కనపడకూడదని. సిగ్గుపడి కొన్నాళ్ళు అసలు పొడిపించుకోవడమే మానేశారట. నేను తల దించుకుని విన్నాను. ఆ బడి పంతులమ్మలు చేసిన పనే నేను మా ఇంట్లో చేశాను.

మా అమ్మాయి ముంజేతి మీద ఫెర్న్ ఆకు పొడవడం అయిపోయింది. నేను వద్దని చెప్పలేదు. పళ్ళు బిగబట్టి నా చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాను. పొడిచిన అమ్మాయి ముల్లు పక్కన పెట్టి నన్నడిగింది, "మీకేం కావాలమ్మా?" అని. నా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది, "మా నాయనమ్మది."

కాగితం, పెన్ను ఇచ్చి గీయమంది. మధ్యలో ఒక చుక్క పెట్టాను. చుట్టూ నాలుగా, ఎనిమిదా? కింద గీత ఉందా? గీత చివర్న తులసికోట లాంటిది ఉండేదా, లేక అది వేరే ఎవరి చేతి మీదైనా చూశానా? పెన్ను ఆగిపోయింది. ఫోన్‌లో నాయనమ్మ ఫొటోలు వెతికాను. నా పెళ్ళి ఫొటో, చిన్ని పుట్టినప్పటి ఫొటో, బారసాల ఫొటో. అన్నిట్లోనూ కొంగు నిండుగా కప్పుకుని ఉంది. ఒక్కదాంట్లో కూడా చెయ్యి లేదు.

ఆ అమ్మాయి కాసేపు చూసి "గుర్తొచ్చాక రండి" అంది మెల్లగా. ఇంటికి ఫోన్ చేద్దామంటే కొండ మీద సిగ్నల్ లేదు. వస్తూ వస్తూ అపో వాంగ్ ఓద్ దగ్గర చిన్ని మూడు చుక్కలు పొడిపించుకుంది. నేను చేతులు జోడించి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు బొంతోక్‌లో సిగ్నల్ వచ్చీ రాగానే మా మేనత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి. కుశల ప్రశ్నలు కూడా లేకుండా "అత్తా, నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఎలా ఉండేది? ఎన్ని చుక్కలు?" అని అడిగేశాను.

"అదేంటే, నా చేతి మీద ఉందిగా" అంది అత్త. "నా పెళ్ళికి ముందు అమ్మ తన చెయ్యి ఆ ఎరుకల ఆవిడకి చూపించి, అచ్చం అట్టాంటిదే నాకూ పొడిపించింది. నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

చూడలేదు. ఎలా చూస్తాను? నా పెళ్ళినాటి నుంచి అత్త కూడా పొడుగు చేతుల జాకెట్లే వేసుకుంటోంది. అది వయసు వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. "మీ నాయనమ్మే చెప్పిందిలే, పిల్లకి ఇష్టం లేదు, కప్పుకోమని" అంది అత్త, మామూలుగా, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

ఇండియా వచ్చిన వారానికే కందుకూరు దగ్గర అత్త వాళ్ళ ఊరికి వెళ్ళాను. భోజనాలయ్యాక పక్కన కూర్చుని, అడిగి, జాకెట్టు చెయ్యి నేనే పైకి మడిచాను. మధ్యలో ఒకటి, చుట్టూ ఎనిమిది. కింద గీత. గీతకి అటూ ఇటూ రెండు తులసాకులు, కోట కాదు. ఫొటో తీసి చిన్నికి పంపాను. కాగితం మీద కూడా గీసుకున్నాను.

ఇప్పుడు ఆ ఊరికి ఎరుకల ఆవిడ ఎవరూ రావడం లేదట. ఎవరి చేత పొడిపించుకుంటానో, అసలు పొడిపించుకుంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఆ కాగితం మాత్రం దేవుడి గూట్లో పెట్టాను. బయల్దేరేటప్పుడు అత్త మడిచిన చెయ్యి దించుకోబోతే, "ఉండనీ అత్తా" అన్నాను.